యాభై నిండితేనే ప్రవేశం



ఆటల పోటీల్లో వయసు నిబంధన అనగానే మనకు గుర్తొచ్చేది ఒకే రకం. పదహారేళ్ళ లోపు, పందొమ్మిదేళ్ళ లోపు, ఇరవై మూడేళ్ళ లోపు. ఇన్నేళ్ళు దాటాయంటే ఇక పక్కకు జరగాల్సిందే. ఈరోజు నేను మాట్లాడబోయే పోటీలో ఆ నిబంధన తిరగబడి ఉంటుంది. యాభై ఏళ్ళు నిండని వాళ్ళను అందులోకి రానివ్వరు. ఎంత బాగా ఆడినా సరే, నలభై తొమ్మిదేళ్ళ మనిషి మరుసటి ఏడాది దాకా ఆగాల్సిందే. అందుకే అమెరికాలో గోల్ఫ్ ఆడే ఆడవాళ్ళలో కొందరు యాభయ్యో పుట్టినరోజు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తారు. ఆ వయసు వాళ్ళకు ఒక కొత్త తలుపు తెరుస్తుంది మరి.

మన ఇళ్ళలో యాభై దాటిన ఆడవాళ్ళకు వినిపించే మాటలు మీకు తెలియనివి కావు. ఈ వయసులో ఇంకేం ఆటలమ్మా, కృష్ణా రామా అనుకుంటూ కూర్చోక! పిల్లల పెళ్ళిళ్ళు అయ్యాయా, మనవలు పుట్టారా, మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి అని అడుగుతారు. కిందటి వారం మ్యాచ్‌లో నెగ్గావా ఓడావా అని అడిగే వాళ్ళు మాత్రం ఉండరు. ఆ ప్రశ్న అడగదగిన ఆడవాళ్ళు కొందరు ఉన్నారు. వాళ్ళ సంగతి మీకు చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఆ పోటీ పేరు అమెరికా సీనియర్ మహిళల అమెచ్యూర్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్. నడిపేది అమెరికా గోల్ఫ్ సంఘం, అంటే యూఎస్‌జీఏ. మొదలైంది 1962లో. మగవాళ్ళకు ఇలాంటి సీనియర్ పోటీ 1955లోనే పెట్టారు, ఆడవాళ్ళ వంతు రావడానికి ఇంకో ఏడేళ్ళు పట్టింది. మగవాళ్ళ పోటీకి యాభై అయిదు నిండాలి, ఆడవాళ్ళకు యాభై చాలు. అమెచ్యూర్లు అంటే ఆటను జీవనోపాధిగా చేసుకోని వాళ్ళు. గెలిచిన వాళ్ళకు బంగారు పతకం ఇస్తారు, కప్పు ఏడాది పాటు వాళ్ళ దగ్గర ఉంటుంది. రొక్కం ఉండదు. విమాన ఛార్జీలు, హోటల్ గది, ఉద్యోగానికి పెట్టిన సెలవు, అన్నీ సొంత ఖర్చే.

గోల్ఫ్ తెలియని శ్రోతల కోసం ఆట తీరు రెండు మాటల్లో చెబుతాను. పచ్చిక మైదానం మీద పద్దెనిమిది గుంటలు ఉంటాయి, వాటిని హోల్స్ అంటారు. క్లబ్బుతో బంతిని కొట్టి, వీలైనన్ని తక్కువ దెబ్బల్లో ఒక్కొక్క హోల్‌లో వేయాలి. ఈ ఛాంపియన్‌షిప్‌లో 132 మంది దిగుతారు. మొదటి రెండు రోజులు అందరూ కలిసి 36 హోల్స్ ఆడతారు. తక్కువ దెబ్బలతో ముగించిన 64 మంది మిగులుతారు, మిగతావాళ్ళు ఇంటికి వెళ్ళిపోతారు. అక్కడి నుంచి ఇద్దరిద్దరి మధ్య మ్యాచ్‌లు. ఒక్కో హోల్ ఒక్కో పందెం. ఆ హోల్‌ను ఎవరు తక్కువ దెబ్బల్లో ముగిస్తే అది వాళ్ళది. మూడు హోల్స్ ఆధిక్యం ఉండి, ఆడాల్సినవి రెండే మిగిలితే మ్యాచ్ అక్కడితో సరి. దాన్ని త్రీ అండ్ టూ అని చెప్పుకుంటారు. ఓడినవాళ్ళు టోపీ తీసి చెయ్యి కలుపుతారు. కప్పు కావాలంటే ఇలాంటి మ్యాచ్‌లు వరసగా ఆరు నెగ్గాలి. అందులో రెండు రోజులు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి ఆడాలి. రోజుకు 36 హోల్స్ అన్నమాట! యాభై అయిదేళ్ళ నడుముకూ మోకాళ్ళకూ అదెంత పరీక్షో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఆరు మ్యాచ్‌ల పద్ధతి 1997లో వచ్చింది. అంతకుముందు మూడు రోజులు 54 హోల్స్ ఆడి, మొత్తం దెబ్బలు లెక్కపెట్టి విజేతను తేల్చేవారు. ఆ పాత పద్ధతిలో, 1962లో, మొట్టమొదటి కప్పు గెలిచినావిడ మోరీన్ ఆర్కట్.

ఆర్కట్ 1907లో పుట్టారు. ఇరవై ఏళ్ళ వయసులో, 1927లో, అమెరికా మహిళల అమెచ్యూర్ ఫైనల్‌కు వెళ్ళి ఓడిపోయారు. వయోపరిమితి లేని అసలు పెద్ద పోటీ అది. 1936లో మళ్ళీ ఫైనల్ చేరారు, మళ్ళీ ఓడారు. అమెరికా, బ్రిటన్ దేశాల మహిళలు తలపడే కర్టిస్ కప్ 1932లో మొదలైతే, ఆ మొదటి జట్టులో ఆవిడ ఉన్నారు. బతుకుతెరువు మాత్రం పత్రికా రచన. న్యూయార్క్ టైమ్స్‌లో క్రీడా విలేకరి. ఆ రోజుల్లో ఆడవాళ్ళు క్రీడా వార్తలు రాయడమే అరుదు. తాను ఆడిన పోటీ గురించి తానే వార్త రాసి పంపాల్సిన సందర్భాలూ ఆవిడకు వచ్చాయి. పగలంతా మైదానంలో, సాయంత్రం టైప్‌రైటర్ ముందు. అలాంటి మనిషికి జాతీయ ఛాంపియన్ అనే బిరుదు యాభై అయిదేళ్ళ వయసులో దక్కింది. మొదటి ఫైనల్ ఓటమికీ ఈ గెలుపుకూ మధ్య ముప్ఫై అయిదేళ్ళు. 1966లో ఇంకోసారి గెలిచారు. 2007లో కన్నుమూసేనాటికి నూరేళ్ళు నిండటానికి కొద్ది నెలలే తక్కువ.

సీనియర్ పోటీని కొందరు తేలిగ్గా చూస్తారు. కుర్రవాళ్ళతో పోటీ పడలేని వాళ్ళకు కల్పించిన ఊరట అనుకుంటారు. నేను ఒప్పుకోను. ఈ పోటీ చరిత్రను వరసపెట్టి చూస్తే నాకు కనిపించేది వేరు. వయసులో ఉండగా అరకొరగా ఆగిపోయిన వ్యవహారాలు ఇక్కడ మళ్ళీ మొదలవుతాయి. ఒకప్పుడు గేటు దగ్గరే ఆపేసిన మనిషికి ఇక్కడ దారి దొరికింది. అలాంటి ఒకావిడ గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను. ఈ ప్రసంగంలో ఇంకేది మరిచిపోయినా ఆవిడ పేరు మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఆన్ గ్రెగరీ. మిసిసిపీ రాష్ట్రంలో 1912లో పుట్టిన నల్లజాతి మహిళ. పెళ్ళయ్యాక ఇండియానాలోని గేరీ అనే ఉక్కు కర్మాగారాల ఊళ్ళో స్థిరపడ్డారు. విందులకూ వేడుకలకూ వంటలు చేసి పెట్టడం ఆవిడ పని. గోల్ఫ్ పిచ్చి మొదట భర్తది. ఎప్పుడు చూసినా ఆ మైదానంలోనే ఉంటాడని ఆవిడకు కోపంగా ఉండేదట. రెండో ప్రపంచ యుద్ధంలో ఆయన నావికాదళానికి వెళ్ళినప్పుడు ఆవిడ ఆ ఆట నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు, నల్లజాతి గోల్ఫర్లు తమకోసం నడుపుకునే పోటీల్లో వరసగా గెలుస్తూ పోయారు. తమకోసం తామే పోటీలు ఎందుకు నడుపుకోవాల్సి వచ్చింది? తక్కిన క్లబ్బుల గేట్లు వాళ్ళకు మూసి ఉండేవి గనక. మగ ప్రొఫెషనల్ గోల్ఫర్ల సంఘం నియమావళిలో తెల్లజాతి వాళ్ళు మాత్రమే సభ్యులు అన్న వాక్యం 1961 దాకా అలాగే ఉంది.

1956లో ఆవిడ అమెరికా మహిళల అమెచ్యూర్ ఛాంపియన్‌షిప్‌లో ఆడారు. యూఎస్‌జీఏ జాతీయ పోటీలో అడుగుపెట్టిన మొదటి నల్లజాతి మహిళ ఆవిడే. పోటీ ఇండియానాపొలిస్‌లో, ఒక కంట్రీ క్లబ్బులో. అప్పటికి ఆవిడకు నలభై నాలుగేళ్ళు. మొదటి రౌండ్‌లో ఎదురుపడింది క్యారొలిన్ కడోన్, అప్పటికే కర్టిస్ కప్ ఆడిన మేటి. ఆ రోజు గ్రెగరీ ఒక్కరికోసం జనం వచ్చారు, పత్రికల వాళ్ళు వచ్చారు. చుట్టూ అన్ని కళ్ళు తనను తూకం వేస్తుంటే, పదిహేడో హోల్ దాకా మ్యాచ్‌ను లాక్కెళ్ళి టూ అండ్ వన్‌తో ఓడారు.

1959లో అదే ఛాంపియన్‌షిప్ వాషింగ్టన్ పక్కన జరిగింది. పోటీకి ముందు క్రీడాకారిణులందరికీ విందు ఇవ్వడం ఆనవాయితీ. ఆ విందుకు ఆవిడను రావద్దన్నారు. పోటీలో ఆడవచ్చుగానీ పక్కన కూర్చుని భోంచేయకూడదు! ఆవిడ తన గదికి వెళ్ళి, ఉన్నదేదో తిని, పడుకున్నారు. మర్నాడు లేచి ఆటకు వెళ్ళారు. నలుగురికీ వండి పెట్టడం వృత్తిగా ఉన్న మనిషికి పంక్తిలో చోటు లేదనడం ఎలాంటి అవమానమో మన సమాజానికి విడమరచి చెప్పాల్సిన పనిలేదు. మన ఊళ్ళ పంక్తి భోజనాల చరిత్ర మనకు తెలుసు.

సొంత ఊళ్ళోనూ అదే తీరు. గేరీ మున్సిపల్ మైదానంలో నల్లవాళ్ళకు తొమ్మిది హోల్స్ ఉన్న చిన్న కోర్సు, తెల్లవాళ్ళకు పద్దెనిమిది హోల్స్ పెద్ద కోర్సు. 1960ల మొదట్లో ఒకరోజు ఆవిడ కౌంటర్ దగ్గరకు వెళ్ళి, డబ్బు బల్లమీద పెట్టి, ఈరోజు నేను పెద్ద కోర్సు మీద ఆడుతున్నాను, కావాలంటే పోలీసులను పిలుచుకోండి అన్న ధోరణిలో చెప్పి నడిచి వెళ్ళిపోయారు. పన్నులు తనూ కడుతోంది గదా! ఎవరూ ఆపలేదు.

ఇక 1971. జార్జియా రాష్ట్రంలో సీ ఐలాండ్. సీనియర్ మహిళల ఛాంపియన్‌షిప్. గ్రెగరీ వయసు యాభై తొమ్మిది. పోటీలో ఉన్నవారిలో క్యారొలిన్ కడోన్ కూడా ఉన్నారు. అవును, పదిహేనేళ్ళ కిందట మొదటి రౌండ్‌లో ఎదురుపడిన కడోనే. ఆవిడ 1968 నుంచి ఏటా ఈ కప్పు గెలుస్తూ వస్తున్నారు. దక్షిణాది రాష్ట్రం, సముద్రపు గాలి, 54 హోల్స్. మూడు రోజుల ఆట ముగిశాక లెక్క చూస్తే కడోన్ మొదటి స్థానం, గ్రెగరీ రెండో స్థానం. తేడా ఒకే ఒక్క దెబ్బ.

ఆ ఒక్క దెబ్బను నేను చాలాసార్లు తలుచుకున్నాను. 54 హోల్స్‌లో, రెండు వందల పైచిలుకు దెబ్బల్లో, ఎక్కడో ఒకచోట బంతి గుంట అంచున ఆగకుండా లోపలికి జారి ఉంటే ఇద్దరూ సమానం అయ్యేవారు. గెలవలేదు కాబట్టి ఛాంపియన్ల పట్టికలో గ్రెగరీ పేరు లేదు. కానీ విందు బల్ల దగ్గర చోటివ్వని ఆట, ఒక జాతీయ ఛాంపియన్‌షిప్‌ను ఆవిడకు దాదాపుగా ఇవ్వాల్సి వచ్చింది. అది కూడా ఆవిడ యాభై తొమ్మిదో ఏట. అక్కడితో ఆపలేదు. 1989లో, డెబ్భై ఆరేళ్ళ వయసులో, అమెరికా సీనియర్ ఒలింపిక్స్‌లో యాభై దాటిన ఆడవాళ్ళందరితో పోటీ పడి బంగారు పతకం గెలిచారు. మరుసటి ఏడాదే చనిపోయారు.

కడోన్‌ను తక్కువ చేయాలని నా ఉద్దేశం కాదు. 1968 నుంచి 1972 దాకా ఏటేటా, వరసగా అయిదుసార్లు ఆవిడ ఈ కప్పు గెలిచారు. యూఎస్‌జీఏ నడిపే ఏ ఛాంపియన్‌షిప్‌లోనూ, ఆడా మగా ఎవరూ, వరసగా అన్నిసార్లు గెలవలేదు. టైగర్ వుడ్స్ జూనియర్ అమెచ్యూర్ వరసగా మూడుసార్లు, అమెచ్యూర్ వరసగా మూడుసార్లు గెలిచినందుకు ప్రపంచమంతా ఆయన పేరు మోగిపోయింది. అయిదుసార్లు గెలిచిన కడోన్ పేరు గోల్ఫ్ ఆడేవాళ్ళలోనే చాలామందికి తెలియదు. యాభై దాటిన ఆడవాళ్ళ విజయాలను పత్రికలు ఏ మూల అచ్చు వేస్తాయో దీన్నిబట్టి అర్థమవుతుంది.

పేర్ల సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. 1895లో మొదటి అమెరికా మహిళల అమెచ్యూర్ పోటీ న్యూయార్క్ రాష్ట్రంలో ఒకే రోజు జరిగింది. ఆడింది పదమూడు మంది. గెలిచినావిడ పేరు రికార్డుల్లో మిసెస్ చార్లెస్ బ్రౌన్ అని ఉంటుంది. చార్లెస్ ఆవిడ భర్త. ఆవిడ సొంత పేరు లూసీ. ఇప్పుడు చెప్పబోయే ఆన్ క్వాస్ట్ రికార్డులు వెతకాలన్నా అదే తిప్పలు. ఆ మహిళల అమెచ్యూర్ పోటీని 1958లో గెలిచినప్పుడు ఆన్ క్వాస్ట్, 1961లో గెలిచినప్పుడు డెకర్, 1963లో గెలిచినప్పుడు వెల్ట్స్, తర్వాత శాండర్. మనిషి ఒకరే, ఇంటిపేర్లు నాలుగు. పుట్టిన చోటు మాత్రం అమెరికా వాయవ్య మూలన ఉన్న వాషింగ్టన్ రాష్ట్రం.

1961 ఫైనల్ ఆవిడ ఆడిన తీరు గోల్ఫ్ చరిత్రలో నిలిచిపోయింది. అది 36 హోల్స్ ఫైనల్. ఎదురుగా ఫిలిస్ ప్రూయెస్ అనే యువతి. ఫలితం ఫోర్టీన్ అండ్ థర్టీన్. అంటే పద్నాలుగు హోల్స్ ఆధిక్యం, ఇంకా ఆడాల్సినవి పదమూడు. ఇరవై మూడో హోల్‌కే ఫైనల్ ముగిసింది. ఆ మహిళల అమెచ్యూర్ ఫైనల్స్‌లో అంత ఘోరమైన ఓటమి ఇంకెవరికీ లేదు. ప్రూయెస్ ఆ రోజే క్లబ్బులు అటక మీద పెట్టేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. పెట్టలేదు. కర్టిస్ కప్ ఆడారు, ఏళ్ళ తరబడి పోటీల్లోనే ఉన్నారు. ఆ ఫైనల్ జరిగిన సరిగ్గా ముప్ఫై ఏళ్ళకు, 1991లో, సీనియర్ మహిళల అమెచ్యూర్ కప్పు గెలిచారు. అదే కప్పును ఆన్ శాండర్ 1987, 1989, 1990, 1993 సంవత్సరాల్లో గెలిచారు. ఆ నాలుగు గెలుపుల మధ్యలో ప్రూయెస్ గెలుపు కూర్చుని ఉంది చూడండి!

శాండర్‌కూ ఓటములు తప్పలేదు. 1973 అమెచ్యూర్ ఫైనల్‌లో, ముప్ఫై అయిదేళ్ళ వయసులో, పెన్సిల్వేనియా నుంచి వచ్చిన ఇరవై నాలుగేళ్ళ క్యారల్ సెంపుల్ చేతిలో ఒక్క హోల్ తేడాతో ఓడిపోయారు. తర్వాత అదే ఇద్దరూ ఒకే జట్టులో ఆడారు. 1990 కర్టిస్ కప్ జట్టులో శాండర్‌కు యాభై రెండేళ్ళు. అదే జట్టులో ఉన్న విక్కీ గెట్జ్‌కు పదిహేడు. అమ్మమ్మ, మనవరాలి వయసులున్న ఇద్దరు ఒకే రంగు చొక్కా వేసుకుని ఒకే దేశం తరఫున ఆడటం ఇంకే ఆటలో చూస్తాం?

ఇక ఆ క్యారల్ సెంపుల్, పెళ్ళయ్యాక సెంపుల్ థాంప్సన్. ఈవిడ యాభై నిండగానే, 1999లో, సీనియర్ కప్పు గెలిచారు. 2000, 2001, 2002లో వదల్లేదు. వరసగా నాలుగు. అంతా కలిపి వందకు పైగా యూఎస్‌జీఏ ఛాంపియన్‌షిప్‌లలో ఆడారు. కానీ ఆవిడ గురించి ఒక్క దృశ్యమే చెప్పమంటే నేను 2002 ఆగస్టు చెబుతాను. పిట్స్‌బర్గ్ పక్కన ఫాక్స్ చాపెల్ క్లబ్బు, ఆవిడ పెరిగిన ప్రాంతం. కర్టిస్ కప్ చివరిరోజు, చివరి హోల్. జట్టులో తక్కినవాళ్ళంతా కూతుళ్ళ వయసు వాళ్ళు. ఆవిడకు యాభై మూడు. గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చికను గ్రీన్ అంటారు. ఆ గ్రీన్ మీద బంతికీ గుంటకూ మధ్య 27 అడుగుల దూరం. అంత దూరం నుంచి నేరుగా వేయాలంటే పచ్చిక ఎటు వాలిందో చూడాలి, గడ్డి ఏ దిక్కుకు ఒరిగిందో చూడాలి, వాలు దగ్గర బంతి ఎంత నెమ్మదిస్తుందో ముందే లెక్కగట్టాలి. ఆపైన చేతులు వణకకూడదు. బంతి కదిలింది, వాలు మీద తిరిగింది, గుంటలో పడింది. కప్పు అమెరికాది. ఆ కొద్ది వారాలకే ఆవిడ నాలుగో సీనియర్ కప్పు కూడా అందుకున్నారు.

గ్రీన్ మీద ఆడే ఆ దెబ్బను పట్ అంటారు. యాభై దాటిన క్రీడాకారిణుల ఆట అంతా అక్కడే తేలుతుంది. వయసుతోపాటు భుజాల విసురు తగ్గుతుంది, బంతి ఇదివరకటి అంత దూరం పోదు. ఇరవయ్యేళ్ళ పిల్ల రెండు దెబ్బల్లో గ్రీన్ చేరే చోట వీళ్ళకు మూడోది కావాలి. అందుకే బంతిని తేలిగ్గా గాల్లోకి లేపే హైబ్రిడ్లు, వుడ్‌లు అనే క్లబ్బులు సంచిలో ఎక్కువ పెట్టుకుంటారు. దూరం కోసం తాపత్రయపడకుండా మంచి చోటు చూసుకుని బంతిని అక్కడే దించుతారు. ఇసుక గుంటలోంచి తీయడం, గ్రీన్ అంచు నుంచి గుంట పక్కకు దొర్లించడం, ఆరడుగుల పట్ తప్పకుండా వేయడం, వీటిమీద గంటల కొద్దీ సాధన చేస్తారు. మొదటిసారి చూసేవాళ్ళకు ఈ ఆట మందకొడిగా అనిపించవచ్చు. నాలుగు హోల్స్ వెంట నడిచి చూడండి, ఎదుటి మనిషిని ఎంత తీరిగ్గా, ఎంత కచ్చితంగా ఇరుకున పెడతారో తెలుస్తుంది.

ఈ పోటీకి వచ్చేవాళ్ళు బతుకుతెరువుకు ఏం చేస్తారన్నది నాకు ఎప్పుడూ ఆసక్తే. ఎలెన్ పోర్ట్ సెయింట్ లూయిస్ నగరంలో ఒక బడిలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేశారు. గోల్ఫ్‌ను గట్టిగా పట్టుకున్నదే పాతికేళ్ళ ప్రాంతంలో. చిన్నప్పటినుంచి శిక్షణ, కోచ్‌లు, అకాడమీలు, ఏవీ లేవు. పాతికేళ్ళు దాటిన ఆడవాళ్ళకు పెట్టిన మిడ్ అమెచ్యూర్ పోటీని నాలుగుసార్లు గెలిచారు. తర్వాత 2012, 2013, 2016లో సీనియర్ కప్పు. మొత్తం ఏడు జాతీయ బిరుదులు. జమైకాలో పుట్టిన డయాన్ లాంగ్ 2005, 2006, 2008లో మూడుసార్లు గెలిచారు. 2017లో గెలిచిన జూడిత్ కిరినిస్ కెనడాలో నర్సు. ఆ ఫైనల్‌లో ఆవిడ ఎదుర్కొన్నది ఎవరినో తెలుసా? తన ప్రాణస్నేహితురాలు టెరిల్ శామ్యూల్‌ను. జంట పోటీల్లో ఇద్దరూ ఒకే వైపు ఆడతారు. వారమంతా వేర్వేరు దారుల్లో నెగ్గుకుంటూ వచ్చి, ఆఖరిరోజు పొద్దున ఎదురెదురుగా నిలబడ్డారు.

లారా టెన్నంట్ అయిదుగురు పిల్లల తల్లి, ఒరెగాన్ రాష్ట్రం వాళ్ళు. 2018లో, 2019లో గెలిచారు. 2020లో కోవిడ్ వల్ల పోటీ రద్దయింది. 2021లో మళ్ళీ వచ్చి మళ్ళీ గెలిచారు. మూడు కప్పులంటే మధ్యలో ఒక్కటీ ఓడకుండా పద్దెనిమిది మ్యాచ్‌లు. క్లబ్బుల సంచి మోస్తూ, పక్కనే నడుస్తూ, ఏ దెబ్బకు ఏ క్లబ్బు అని మాట సాయం చేసే మనిషిని క్యాడీ అంటారు. టెన్నంట్‌కు క్యాడీగా నడిచినవారు ఆవిడ కన్నతండ్రి. యాభై దాటిన కూతురి సంచి మోస్తూ తండ్రి! మన అదితి అశోక్ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. టోక్యో ఒలింపిక్స్‌లో ఆ బెంగళూరు అమ్మాయి నాలుగో స్థానంలో నిలిచినప్పుడు సంచి పట్టుకుని పక్కన నడిచింది వాళ్ళమ్మ. పిల్లల ఆటకు కన్నవాళ్ళు అండగా ఉండటం మనమూ చూస్తున్నాం. అమ్మ ఆడుతుంటే పిల్లలు సంచి మోసే రోజు కూడా మన దగ్గర రావాలని నా కోరిక. ఆ మాటకొస్తే గోల్ఫే అక్కర్లేదు. షటిల్ అయినా, చదరంగమైనా, ఈత అయినా సరే.

టెన్నంట్ మొదటి రెండు ఫైనల్స్‌లోనూ ఎదురు నిలిచినావిడ ఒక్కరే, ఆస్ట్రేలియాకు చెందిన సూ వూస్టర్. ఫ్లోరిడాలో త్రీ అండ్ టూ ఓటమి. ఏడాది తిరిగేసరికి అయోవాలో అదే మనిషి చేతిలో అదే త్రీ అండ్ టూ. భూగోళానికి అవతలి వైపు నుంచి సొంత ఖర్చుతో వచ్చి, ఆరురోజులు ఆడి, చివరి మెట్టు మీద జారి, మళ్ళీ అంత దూరం వెనక్కి వెళ్ళడం. 2022లో పోటీ అలాస్కాలోని యాంకరేజ్‌లో జరిగింది. ఆ రాష్ట్రంలో యూఎస్‌జీఏ పోటీ జరగడం అదే మొదటిసారి. చలి ముదరకముందే ముగించాలని మామూలుగా సెప్టెంబరులో పెట్టేదాన్ని జులై చివరకు జరిపారు. రాత్రి పదింటికీ వెలుతురు ఉండే రోజులవి. వూస్టర్ అక్కడికీ వచ్చారు. మూడోసారి ఫైనల్ చేరారు. కెనడాకు చెందిన షెల్లీ స్టౌఫర్ ఫోర్ అండ్ త్రీతో గెలిచారు. అయిదేళ్ళలో నాలుగు పోటీలు జరిగితే మూడింటి ఫైనల్‌లో వూస్టర్ ఉన్నారు. కప్పు ఒక్కసారీ రాలేదు. నా దృష్టిలో ఆ మూడు ఫైనల్స్ ఒక కప్పుకు ఏమాత్రం తీసిపోవు. 2024లో సియాటిల్‌లో ఆస్ట్రేలియాకే చెందిన నాడీన్ గోల్ ఆ కప్పు గెలిచారు.

గెలిచినవారికి ఇంకో బహుమానం కూడా ఉంది. 2018లో మొదలైన అమెరికా సీనియర్ మహిళల ఓపెన్‌లో నేరుగా ప్రవేశం. అక్కడ ప్రొఫెషనల్ మహామహులు ఉంటారు. మొదటి ఏడాది షికాగో దగ్గర గెలిచింది బ్రిటన్‌కు చెందిన లారా డేవిస్. అలాంటివాళ్ళ సరసన బడి పంతులమ్మలూ నర్సులూ నిలబడి ఆడతారు.

ఈ ప్రసంగం వింటున్న శ్రోతల్లో అమెరికాలో స్థిరపడిన పిల్లల తల్లిదండ్రులు చాలామంది ఉంటారు. డాలస్ అనీ, న్యూజెర్సీ అనీ, సియాటిల్ అనీ ఏడాదికోసారి వెళ్ళి కొన్ని నెలలు ఉండి వస్తుంటారు. అక్కడ పగలు ఎలా గడవాలో తెలియక ఇబ్బందిపడే అమ్మలు నాకు తెలుసు. ఈ ఛాంపియన్‌షిప్ ఏటా ఒక్కో రాష్ట్రంలో జరుగుతుంది. చూడటానికి టికెట్ లేదు, ప్రవేశం ఉచితం. పెద్ద పోటీల్లోలాగా జనాన్ని తాళ్ళు కట్టి దూరంగా నిలబెట్టరు, ఆడేవాళ్ళకు అడ్డు రాకుండా వాళ్ళ వెంబడే నడవొచ్చు. మీరున్న ఊరి దగ్గర ఎప్పుడైనా జరిగితే మీ అబ్బాయినో కోడలినో కారులో దింపమనండి. కాళ్ళకు మెత్తటి బూట్లు, తలమీద టోపీ, సంచిలో మంచినీళ్ళ సీసా ఉంటే చాలు. ఒక్కరోజే వెళ్ళగలిగితే ఫైనల్ రోజు వద్దు, మ్యాచ్‌లు మొదలయ్యే మూడోరోజు వెళ్ళండి. ఆ రోజు 64 మంది ఆడతారు, 32 మ్యాచ్‌లు జరుగుతాయి. నచ్చిన జంటను ఎంచుకుని మొదటి హోల్ నుంచి వెంట నడవండి. ఆట ముగిశాక వాళ్ళను పలకరించండి, ఎక్కడినుంచి వచ్చారో, ఇంటి దగ్గర ఏం చేస్తారో అడగండి. మిమ్మల్నీ అదే అడుగుతారు.